రెండో వేలికి పాలు

మా అక్క కూతురి ఎడమ కాలి రెండో వేలు ఆ పిల్లకంటే వేగంగా పెరిగేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పిల్ల పాలు తాగి, అన్నం తిని, అందరి పిల్లల్లాగే మెల్లగా ఎదుగుతుంటే, ఆ వేలు మాత్రం ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు పెరిగేది. పుట్టినప్పుడే బొటనవేలిని మించి ఉంది. పిల్ల నడక నేర్చేసరికి చిన్న అరటిపండులా పైకి వంపు తిరిగింది. దాని కింద పాదం కూడా మెత్తగా, లావుగా తయారైంది. పుండు లేదు, చీము లేదు, ముట్టుకుంటే నొప్పి లేదు. గోరు కూడా చక్కగానే ఉండేది, కాకపోతే మా బావ బొటనవేలి గోరంత.

పాప పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా తాతలు చెరకు పనికి ఓడలెక్కి వచ్చిన దీవి ఇది. మా అమ్మానాన్నలది పిటాన్, చెరకు తోటల ఊరు. అక్కని ఇచ్చింది వకోవాలో, ఎప్పుడూ వాన కురిసే ఊళ్లో. కాన్పుకి సాయం చెయ్యమని అమ్మ నన్ను పంపింది. మంత్రసాని పాపని తుడిచి, కాళ్ల దాకా గుడ్డ చుట్టేసి, మొహం ఒక్కటే బయటికి ఉంచి అక్క పక్కన పడుకోబెట్టింది.

“కాళ్లు చూపించు,” అంది అక్క.

“ముందు మొగం సూసుకోవమ్మా. సందమామలాగుంది. కాళ్లెక్కడికి పోతాయి?”

అక్క గుడ్డ తీసి చూసింది. నేనూ చూశాను. నా చేతిలో వేడినీళ్ల చెంబు ఉంది, అది ఎలా పట్టుకున్నానో నాకే తెలీదు. అక్క మాత్రం మళ్లీ గుడ్డ కప్పేసి, పాపని రొమ్ముకి ఆనించుకుంది.

అలా కాన్పుకని వెళ్లినదాన్ని అక్కడే ఉండిపోయాను. నేను చదివింది ఆరో క్లాసు, దాంతో పాటు శనివారాలు గుడి దగ్గర గురువుగారు చెప్పిన తెలుగు. వకోవాలో ఒక కుట్టుపని ఆవిడ దగ్గర పని నేర్చుకుంటూ, మిగతా పొద్దంతా పాపని ఎత్తుకుని తిరిగేదాన్ని. ఆ ఇంట్లో ఉండేది అక్క, బావ, బావ తల్లిదండ్రులు. అత్తకి నోరు పెద్దది. మామ అసలు నోరు విప్పేవాడు కాదు, రామభజనలో తప్ప. బావ బస్సు కండక్టరు. మాటలన్నీ సగం దీవి జనమంతా మాట్లాడే క్రియోల్, సగం తెలుగు. ఇక్కడ మాత్రం వీలైనంత తెలుగులోనే రాస్తున్నాను.

వీధిలో వాళ్లకి ఆ వేలి మీద లేని సందేహం లేదు. అది బోదకాలని ఒకావిడ తన పిల్లల్ని పాప పక్కన కూర్చోనిచ్చేది కాదు. అక్క కడుపుతో ఉండగా గ్రహణం వేళ వంకాయ కోసిందని ఇంకొకావిడ. “ఆ రోజు మా ఇంట్లో వంకాయలే లేవు,” అని అక్క చెప్పి చెప్పి అలిసిపోయింది. బజారులో దొరికే చెప్పు ఏదీ ఆ కాలికి పట్టేది కాదు. మందపాటి గుడ్డతో సంచిలాంటి బూటు నేనే కుట్టిచ్చేదాన్ని. ఒకటి కుట్టి ముడివేసేలోగా ఆ వేలు దాన్ని దాటిపోయేది. పాప పరుగెత్తితే ఎడమ కాలు పక్కకి విసిరేది. రాయికి తగిలి గోరు చీలేది, రక్తం కారేది. అయినా ఆగేది కాదు, మొండిది. పడి లేచి “నేనేం పళ్లేదు!” అని మనమీదే అరిచేది.

పాపకి నాలుగేళ్లు వచ్చాక పెద్దాసుపత్రి డాక్టరు చూశాడు. ఆయన కాలిని అటూ ఇటూ తిప్పి, ఎక్స్‌రే బొమ్మ తీయించి, నర్సు చేత చెప్పించాడు. ఇది రోగం కాదు, అంటుకోదు, ఎవరి తప్పూ కాదు, కొందరు పిల్లలు ఇలాగే పుడతారు. వేలు ఇంకా పెరుగుతుంది. బడికి వెళ్లకముందే తీసేస్తే నడక బాగుపడుతుంది. పాదం లావు అలాగే పెరిగితే ఏడాది పోయాక ఎముక దగ్గర ఇంకోసారి కొయ్యాల్సి రావచ్చు.

‘ఎవరి తప్పూ కాదు’ అన్న మాట విని అక్క నర్సు చెయ్యి పట్టుకుంది. “మళ్లీ చెప్పండి,” అంది. నర్సు మళ్లీ చెప్పింది.

ఇంటికొచ్చాక ఇల్లు రణరంగమైంది.

“దేవుడిచ్చిన వేలు కోసీడానికి వాడెవడే?” అంది అత్త. “కోస్తే పిల్ల బతుకుతాదని రాసిచ్చాడా? మత్తిస్తారంట, మత్తు! ఆ మత్తులోంచి లెగవకపోతే?”

“వేలు ఉంటే నడవలేదు అత్తా.”

“నడుస్తాంది కదా! పొద్దస్తమానం కోడిపిల్లలాగ ఉరుకుతాంది. అదీ కాక రెండో ఏలు తీసేస్తే రేపు పెళ్లికి మెట్టెక్కడ పెడతావు? సెవికా?”

“ముందు చెప్పు పట్టనీ. మెట్టె సంగతి అప్పుడు చూద్దాం.”

బావ మధ్యలో కూర్చుని టిక్కెట్ల సంచి సర్దుకుంటూ ఉండిపోయాడు. “నువ్వేటంటావురా?” అంటే “అమ్మ చెప్పింది కూడా...” అనేవాడు. అక్క చూస్తే “డాక్టరు చెప్పింది కూడా...” అనేవాడు.

అత్త భయం ఉత్తది కాదు. అది మా అందరికీ తెలుసు. పాపకంటే ముందు అక్కకి ఒక బాబు పుట్టి, పేరు పెట్టకుండానే జ్వరంతో పోయాడు. పసిపిల్లల్ని కాల్చం కదా, సరుగుడు చెట్ల కింద శ్మశానం అంచున మామే తన చేతులతో గుంట తీసి పూడ్చాడు. పైన పాలు పోసి వచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం అత్త పాల చెంబు ముట్టుకోలేదు. అక్క కూడా అదే బిడ్డ తల్లి. కానీ అక్క భయపడితే మాట్లాడదు, పని చేస్తుంది. ఒక పొద్దున పాపని చంకనేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టేసింది. బావ పెట్టలేదు, అత్త పెట్టనివ్వలేదు. అక్క ఒక్కతే పెట్టింది. తిరిగొస్తుంటే దారిలో ఒకే ఒక్క మాట అంది: “దానికేమైనా అయితే ఇంక నేను ఆ గుమ్మం ఎలా ఎక్కుతానే?”

ఆపరేషను రోజున బావకి సెలవు దొరకలేదు. ఎన్నికల రోజులవి. మా దీవికి స్వాతంత్ర్యం వస్తే ఏమవుతుందో, రాకపోతే ఏమవుతుందో అని బస్సులన్నీ కిటకిటలాడుతూ, కేకలేస్తూ తిరుగుతుండేవి. అక్క, నేను వెళ్లాం. రానని భీష్మించుకున్న అత్త చివరి నిమిషంలో బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా వెనకే బస్సెక్కింది. ఆసుపత్రి గోడ మీద ఇంగ్లీషు రాణిగారి పటం ఇంకా ఉండేది. దాని కింద బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. అత్త రాణిగారికి కూడా ఒక దణ్ణం పెట్టింది.

పాపని బయటికి తెచ్చారు. కాలికి ఇంత కట్టు, కళ్లు మూసుకుని ఉంది, నోరు తెరుచుకుని ఉంది. బాగానే జరిగింది, సాయంత్రానికి లేస్తుంది, చూసే వేళ దాకా ఎవరూ లోపలికి రావద్దని నర్సు చెప్పింది. అక్క కదలనంది, బయటే కూర్చుంటానంది. మమ్మల్ని ఇంటికి పొమ్మంది.

అత్త మాత్రం వార్డు బాయ్ వెనకాల పడింది.

“నాయనా, ఏలు ఏది?”

“ఏ వేలు?”

“మా పిల్లది. కోసినారు కదా. ఎక్కడెట్టారు?”

అతను మొదట నవ్వాడు, తర్వాత అత్త మొహం చూసి నవ్వు ఆపేశాడు.

“దాన్ని ఏం చేస్తావమ్మా? మేం కాల్చేస్తాం.”

“కాలుత్తారా!” అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. “పసిపిల్ల ఒళ్లు అది! కాల్చకూడదు. పూడ్చాలి. నా మనవరాలి మాంసం అది, నాకిచ్చీ.”

నేను నోరెళ్లబెట్టి నిలబడిపోయాను. అక్కకి చెబుదామంటే ఆవిడ వార్డు కిటికీకి మొహం ఆనించి ఉంది. కాసేపటికి అతను దూదిలో, తెల్లగుడ్డలో చుట్టిన పొట్లం తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. అత్త బిస్కెట్లన్నీ కొంగులో పోసుకుని, పొట్లాన్ని డబ్బాలో పెట్టి మూతేసి, ఆ డబ్బా నా ఒళ్లో పెట్టింది. వకోవా దాకా నేను దాన్ని మోశాను. చూడలేదు, ఒట్టు. కానీ బరువు తెలిసింది. కోడిగుడ్డంత బరువు. బస్సు గతుకులో ఎగిరినప్పుడల్లా లోపల అది మెత్తగా కదిలేది, నేను మూత మీద చెయ్యి నొక్కిపట్టేదాన్ని. పొద్దుటి దాకా నేను పసుపు రాసిన వేలు అది, నేను గోరు తీసిన వేలు.

పక్క సీటావిడ మందు వాసనకి ముక్కు ఎగబీల్చింది. “ఏం తీసుకెళ్తున్నారు?” అని అడిగింది.

“ఏట్లేదమ్మా, పిల్ల ఏలు,” అంది అత్త, వంకాయలు అన్నంత మామూలుగా.

ఆవిడ లేచి వెళ్లి డ్రైవరు వెనక నిలబడింది.

ఇంటికొచ్చి అత్త డబ్బా మామ చేతికిచ్చింది. ఎందుకని కూడా ఆయన అడగలేదు. పార భుజాన వేసుకుని, పాల చెంబు పట్టుకుని, గొడుగు కూడా లేకుండా వానలో బయల్దేరాడు. బాబు పక్కనే పెట్టిరమ్మని అత్త చెప్పింది. అన్నా చెల్లీ కదా అంది. ఇలాంటి పనికి వెళ్లే మనిషి దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. మామకి అది కష్టం కాదు. ఆయన పని లేకపోయినా మాట్లాడడు.

అత్త తలస్నానానికి పెరట్లోకి పోయింది. ఎంతైనా మట్టి పని కదా, మైల వేలికి కూడా ఉంటుందో లేదో తెలీదు, ఎందుకైనా మంచిదని. నన్ను కర్పూరం తెమ్మని చీనావాడి కొట్టుకి పంపింది. కొట్టులో జనం ఉన్నారు, వాన ఉంది, నేను కొంచెం ఆలస్యంగానే వచ్చాను.

సందు తిరిగి చూద్దును కదా, మా ఇంటి ముందు జనం.

ఇద్దరు మగవాళ్లు కొబ్బరిచెట్టుకీ చూరుకీ మధ్య టార్పాలిన్ కడుతున్నారు. ఇంకొకతను భజన మందిరం బల్లలు దించుతున్నాడు. వరండాలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. మూలింట్లో ఉండే పిన్ని నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. కర్పూరం పొట్లం చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

“బంగారు తల్లి! నిన్న నా గుమ్మంలో ఆడిందే!”

“ఎవరు పిన్నీ?”

“ఇంకెవరే, మన పాపే!”

“పాపకి ఏమైంది? పాప ఆసుపత్రిలో ఉంది. పడుకుంది!”

“అవునమ్మా, పడుకుంది, పడుకుంది,” అని నా తల నిమిరింది, పిచ్చిదాన్ని ఊరుకోబెట్టినట్టు.

నాకు అప్పుడు వెలిగింది. “అది పాప కాదు పిన్నీ! వేలు! మామ తీసుకెళ్లింది వేలు!”

“మీ మావ పార, పాలు పట్టుకుని సరుగుళ్ల కేసి ఎళ్తన్నాడు. నా కళ్లతో సూశాను. ఎక్కడికి మావా అంటే పలకలేదు. తిరిగి కూడా సూళ్లేదు. బాబు పోయినప్పుడు కూడా అలాగే ఎళ్లాడు. ఏలికి ఎవరైనా పాలు పోస్తారేటే?”

పోస్తారని నాకూ ఆ పూటే తెలిసింది.

“పాపం, పిల్లకి మతి చెదిరింది,” అంది వెనక నుంచి ఎవరో. “మంచినీళ్లు ఇవ్వండి.”

సరిగ్గా అప్పుడు అత్త పెరట్లోంచి వచ్చింది. తడి జుట్టు విరబోసుకుని, తడిచీరతో. చావు స్నానం చేసిన మనిషి ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఆవిణ్ణి చూడగానే ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. అత్త టార్పాలిన్ చూసింది, బల్లలు చూసింది, ఏడుస్తున్న వాళ్లని చూసింది. గుమ్మంలోనే కుప్పకూలింది.

“అయ్యో నా తల్లో! మత్తులోంచి లెగవలేదా నా తల్లీ! సెప్పానే, నేను సెప్పానే! నా మాట ఇనకుండా సంతకం పెట్టి సంపుకుందే నా బంగారాన్ని! బాబుని మింగింది సాలక పాపని కూడా మింగిందే!”

ఇది నేను ఇప్పటికీ ఎవరికైనా చెబితే నమ్మరు. వేలు సంగతి తెలిసిన దాన్ని, డబ్బా ఒళ్లో పెట్టుకుని మోసిన దాన్ని, అయినా ఆ క్షణంలో నమ్మేశాను. పిన్ని తప్పుగా అనుకుందని నాకు తెలుసు. కానీ అత్త? అత్తకి అన్నీ తెలుసు కదా. ఆవిడ ఏడుస్తోందంటే నేను కొట్టులో ఉండగా ఆసుపత్రి నుంచి ఎవరో వచ్చారన్న మాట. మేం అక్కణ్ణుంచి బయల్దేరేసరికి పాప కళ్లు మూసుకునే ఉంది. నోరు తెరుచుకునే ఉంది. నేను గోడకి జారబడి, కర్పూరం పొట్లం గుండెలకి నొక్కుకుని ఏడవడం మొదలుపెట్టాను. నన్ను చూసి అత్త ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆవిడ నన్ను చూసి నమ్మింది, నేను ఆవిణ్ణి చూసి నమ్మాను. అసలు సంగతి చెప్పగలిగిన మామ పూడ్చడం అయ్యాక నదిలో స్నానం చేసి, వానకి ఎవరి చూరు కిందో నిలబడి ఉన్నాడు.

సందు చివర పెద్ద హారను మోగింది. బస్సు. మా సందులోకి బస్సు రాదు, పట్టదు. కానీ మొదట్లో ఆగింది, ఎర్రగా, తడిగా, జనంతో నిండుగా. అందులోంచి బావ దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. టిక్కెట్ల సంచి తొడకి కొట్టుకుంటోంది. బస్‌స్టాండులో ఎవరో చెప్పారట, “నువ్వింకా డ్యూటీలో ఉన్నావా? ఇంటి దగ్గర బల్లలు వేస్తున్నారు,” అని.

బావ ఏడవలేదు. టార్పాలిన్ కింద నిలబడి, “ఎప్పుడు?” అని అడిగాడు.

ఆడవాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు.

“ఎవరు తెచ్చారు కబురు?”

పిన్ని అత్త వైపు చూపించింది. అత్త పిన్ని వైపు చూపించింది. నేను ఇద్దరినీ చూపించాను. బావ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఆయన మొహంలో రంగు అనేది లేదు.

“పాప ఎక్కడ?”

“లోపితాల్‌లోనే,” అన్నాను, ఆసుపత్రికి మా క్రియోల్ మాటలో.

“దాని తల్లి?”

“అక్కడే.”

వెనకాలే వచ్చిన డ్రైవరు, నెరిసిన గడ్డం ముసలాయన, బావ భుజం పట్టుకుని తిప్పాడు. “ఇక్కడ నిలబడి ఎంతమందిని అడుగుతావురా? బస్సెక్కు. మీరూ ఎక్కండమ్మా. అక్కడికే పోదాం.”

“రూటు?”

“రూటుకి జవాబు నేను చెప్పుకుంటాను.”

అలా ఆ బస్సు తన దారి వదిలేసి ఆసుపత్రి దారి పట్టింది. లోపల ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా దిగలేదు. కూరల బుట్టలతో, బడి సంచులతో, ఒకావిడైతే కాళ్లు కట్టిన కోడితో సహా, అందరూ వచ్చారు. దారంతా అత్త ఏడుపు. ఏడుపులో అదే మాట, సంతకం పెట్టి సంపేసింది, సంతకం పెట్టి సంపేసింది. కోడి ఉన్నావిడ నా వైపు వంగి, “ఎవరు పెట్టారు సంతకం?” అని అడిగింది. “పిల్ల తల్లి,” అన్నాను. బస్సులో నాలుకలు చప్పరించిన చప్పుడు ముందు సీటు నుంచి వెనక సీటు దాకా వెళ్లింది. బావ పైన కడ్డీ పట్టుకుని మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. “అమ్మా, ఊరుకో,” అనలేదు. ఆయన అంటాడేమోనని నేను ఎదురుచూశాను. అనలేదు.

అక్క ఆసుపత్రి అరుగు మీద కూర్చుని రొట్టె తింటోంది. పొద్దుట్నుంచీ అదే మొదటి ముద్ద అయ్యుంటుంది. ఆ గేటు ముందు ఎప్పుడూ ఆగని బస్సు ఆగడం చూసింది. అందులోంచి మొగుడు, తలస్నానం చేసిన అత్త, ఏడ్చి ఏడ్చి మొహం వాచిన చెల్లెలు దిగడం చూసింది. వెనకాల ఊరంత జనం. రొట్టె చేతిలోంచి జారి నీళ్లలో పడింది.

“ఇప్పుడే చూశాను,” అంది. ఎవరితో అందో తెలీదు. “ఇప్పుడే కిటికీలోంచి చూశాను. చెయ్యి కదిపింది. ఇప్పుడే కదా. నేను ఇక్కడే ఉన్నాను కదా. నాకెవరూ చెప్పలేదే!”

మేం ఆవిడ దగ్గరికి కబురు తెలుసుకుందామని వచ్చాం. ఆవిడ మా మొహాల్లో కబురు చదువుకుంది. నేను “అక్కా, కాదు, ఆగు” అనేలోపే ఆవిడ లేచి వార్డు వైపు పరుగెత్తింది. చెప్పులు రెండూ మెట్ల మీదే ఉండిపోయాయి. తలుపు దగ్గర నర్సు చేతులు అడ్డం పెట్టింది. అక్క ఆ చేతుల కిందనుంచి దూరిపోయింది. తర్వాత బావ, నేను, అత్త. తర్వాత ఎవరెవరో.

పాప మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని, పాలలో ముంచిన బిస్కెట్టు చీకుతోంది. గడ్డం మీద పాలు కారుతున్నాయి. కట్టు కట్టిన కాలు ఒక దిండు మీద రాణీలాగ పెట్టుకుంది. మా అందర్నీ చూసి చీకడం ఆపింది. అక్క మంచం ఇనప కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది, ముట్టుకోలేదు. ముట్టుకుంటే మాయమైపోతుందేమో అన్నట్టు.

“నాన్నా, సంచి తెచ్చావు! నాకు టిక్కెట్టు?” అంది పాప.

బావ సంచిలో చెయ్యి పెట్టాడు. టిక్కెట్టు చింపి, చిల్లు పెడదామంటే ఆ మిషను టిక్కెట్టుకి తగలడం లేదు. చివరికి చిల్లు పెట్టకుండానే ఇచ్చి, అక్కడే నేల మీద కూర్చుని, టోపీలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

“ఇది లోపితాలా, బజారా?” నర్సు క్రియోల్‌లో అరుస్తోంది. “బయటికి! అందరూ బయటికి! ఆ కోడి ఎవరిది?”

తిరుగు ప్రయాణంలో బస్సు పెళ్లిబస్సులా ఉంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, డ్రైవరు ఉత్తినే హారను కొడుతున్నాడు. నర్సు బతిమాలినా వినకుండా చూసే వేళ అయ్యేదాకా కూర్చుని అక్క కూడా మాతో వచ్చింది, రేపు పొద్దున్నే మళ్లీ వెళ్లడానికి. కోడి ఉన్నావిడ అక్క పక్కన చేరి, తొడ మీద తట్టింది. ఆవిడది మంచి మనసే, నాకు తెలుసు.

“నువ్వేం మనసులో పెట్టుకోకమ్మా. పెద్దావిడ దుఃఖంలో ఏదో అనేసింది. నువ్వు సంతకం పెట్టి చంపావని, ముందు పిల్లాణ్ణి కూడా నువ్వే మింగావని. దుఃఖంలో ఎవరైనా అంటారు కదా.”

అక్క తల తిప్పి అత్తని చూసింది. అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. బావని చూసింది. బావ టిక్కెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. నన్ను చూసింది. నేను తల దించుకున్నాను, దాంతో ఆవిడకి నిజమని తెలిసిపోయింది. పాప చచ్చిపోయిందనుకున్నప్పుడు కూడా అక్క మొహం అలా చూడలేదు నేను. ఎవరో చెంప మీద కొడితే, ఎవరు కొట్టారో వెతుకుతున్నట్టు ఉంది.

ఇంటి దగ్గర టార్పాలిన్ కింద బల్లల నిండా జనం. మామ వచ్చి, ఒక మూల నిలబడి, వచ్చిన వాళ్లకల్లా “ఏలు... ఏలు...” అని చెబుతున్నాడు పాపం. ఆయన జన్మలో అన్ని మాటలు ఆ రోజే మాట్లాడి ఉంటాడు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి పిన్ని వాళ్లింట్లోనే పెద్ద గిన్నెతో టీ కాచి తెచ్చింది. పాప బాగుందని వినగానే కొందరు దేవుడికి దణ్ణం పెట్టారు. కొందరికి కొంచెం మొహమాటం వేసింది, ఇప్పుడు లేచి వెళ్లాలో టీ తాగి వెళ్లాలో తెలీక.

“మంచిదేలే అమ్మా,” అంది పిన్ని, కప్పు అక్క చేతిలో పెడుతూ. “బతికున్నోళ్లకి సావు కబురొస్తే ఆయుస్సు పెరుగుతాదంట. నీ కూతురు నూరేళ్లు బతుకుతాది, సూడు.”

అక్క కప్పు అందుకోలేదు. వరండా మెట్టెక్కి అందరి వైపూ తిరిగింది. అందరి ముందూ గొంతెత్తడం ఆవిడకి అలవాటు లేదు, మొదటి మాట సరిగ్గా రాలేదు. మళ్లీ మొదలుపెట్టింది.

“డాక్టరు ఇంకోసారి కొయ్యాల్సి రావచ్చన్నాడు. వచ్చే ఏడాది. ఈసారి ఎముక.” ఆగింది. “మళ్లీ నేనే పెడతాను సంతకం. ఆయన పెట్టకపోయినా పెడతాను. దానికింకా ఏడవాలనుకునే వాళ్లుంటే ఇప్పుడే ఏడ్చేయండి. బల్లలు ఎలాగూ వేసే ఉన్నాయి.”

టార్పాలిన్ మీద నిలిచిన నీళ్లు ఒక పక్కకి ఒరిగి భళ్లున కింద పడ్డాయి, ఎవరూ కదల్లేదు. బావ మెట్టు కింద నిలబడ్డాడు. నోరు తెరిచాడు. “నేను కూడా పెడతాను,” అన్నాడు, టిక్కెట్టు అడిగిన వాడిలా మెల్లగా. అక్క ఆయన వంక చూడలేదు.

అత్త గోడవారగా కూర్చుని ఉంది, జుట్టు ఇంకా ముడివేసుకోలేదు. ఆవిడ నోట్లోంచి ఏదైనా వస్తుందేమోనని అందరం ఆవిడ వైపే చూస్తున్నాం. ఆవిడకి ఎప్పుడూ మాట తడుముకునే పని ఉండదు. ఆ పూట మాత్రం రెండుసార్లు పెదాలు కదిపింది, ఏమీ రాలేదు. చివరికి లేచింది, మోకాళ్లు పట్టుకుని, గోడ పట్టుకుని. జుట్టు ముడివేసుకుంటూ అక్క పక్కనుంచే లోపలికి వెళ్లింది.

వంటింట్లో కట్టెలు విరిచిన చప్పుడు వినిపించింది. తడి కట్టెలు, ఒక పట్టాన అంటుకోలేదు. అత్త దగ్గుతూ, ఊదుతూ, మళ్లీ ఊదుతూ ఉంది. కాసేపటికి చూరు కిందనుంచి పొగ బయటికి వచ్చి టార్పాలిన్ కింద పరుచుకుంది. పొయ్యి రాజుకుందని చూసి, పిన్ని తన టీ గిన్నె మీద మూత పెట్టింది. మగవాళ్లు లేచి, ఒక మాటైనా అనుకోకుండా, బల్లలు ఒకటొకటిగా ఎత్తడం మొదలుపెట్టారు.